తక్‌పట్టీలో తప్పు ఎక్కడినుంచి వస్తోంది?

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ చదువుల పేజీలో వెబ్ డెవలపర్ కావాలనుకునే డిగ్రీ పిల్లల కోసం ఒక వ్యాసం వేశారు. హెచ్‌టీఎంఎల్‌తో మొదలుపెట్టి రియాక్ట్, యాంగులర్, నోడ్ దాకా వెబ్ తెరలు రాసే సాధనాల పేర్లు వరసగా ఇచ్చి, ఇవి పట్టేస్తే ఉద్యోగం ఖాయమన్నట్టు రాశారు. పేర్లలో తప్పేం లేదు. వాటన్నిటి వెనక ఉన్న అసలు సంగతి మాత్రం ఒక్క వాక్యంలో కూడా రాలేదు. తెర మీద ఒక అంకె మారితే, దాని మీద ఆధారపడ్డ మిగతా అంకెలన్నీ ఎవరూ చెప్పకుండానే, ఒక్కటి కూడా వెనకబడకుండా మారాలి. అలా మారేటట్టు ప్రోగ్రాం రాయడమెలాగన్నదే ఆ సంగతి. దానికి ఫంక్షనల్ రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి ఉంది. పేరు చూసి పెద్ద కంపెనీల వ్యవహారం అనుకోవద్దు. దీని అవసరం మన మార్కెట్ యార్డుల్లో రోజూ పడుతోంది.

నేను మాదాపూర్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి నల్లగొండకు తిరిగి వచ్చినదాన్ని. ఇప్పుడు రైతుల పంట అమ్మిపెట్టే అడ్తి దుకాణాలకు, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కాంటా తెరలు, బిల్లు తెరలు రాసి పెడుతున్నాను. సాయంత్రం పూట కొందరు బీఎస్సీ పిల్లలు వచ్చి కూర్చుంటారు. ప్రోగ్రాం తప్పితే ఎవరు నష్టపోతారో, ఆ ప్రోగ్రాం రాసేవాళ్లు ఏం చదివి వస్తున్నారో రెండూ నా కళ్లముందే ఉంటాయి.

మొన్నటి యాసంగి వడ్ల సీజన్‌లో జరిగింది చెబుతాను. ఒక దుకాణంలో ఎవరో ఎప్పుడో రాసిచ్చిన బిల్లు ప్రోగ్రాం ఉంది. రైతు వడ్లు కాంటా పెట్టారు. గుమస్తా ముందు బస్తాలు 50 అని కొట్టాడు. బస్తాకు 600 గ్రాముల లెక్కన గోనె తరుగు 30 కిలోలు దానంతటదే పడింది, హమాలీ బస్తాకు 20 చొప్పున వెయ్యి పడింది. తర్వాత మొత్తం బరువు 2,040 కిలోలు కొట్టాడు. నికర బరువు 2,010 కిలోలు వచ్చింది. క్వింటాలు ధర 2,400 కొడితే విలువ 48,240, హమాలీ పోను చేతికొచ్చేది 47,240 అని తేలింది. ఇంతలో హమాలీలు వచ్చి బస్తాలు 50 కాదు, 48 అన్నారు. గుమస్తా వెనక్కి వెళ్లి 48 అని దిద్ది ప్రింటు కొట్టాడు.

రైతు చేతికిచ్చే లెక్క చీటీ, అంటే తక్‌పట్టీ మీద పడింది ఇదీ. బస్తాలు 48, గోనె తరుగు 28.8 కిలోలు, హమాలీ 960. ఇంతవరకు సరే. కానీ నికర బరువు పాత 2,010 కిలోలే, విలువ పాత 48,240 రూపాయలే, చేతికొచ్చేది పాత 47,240 రూపాయలే. రైతు వెంట ఇంటర్ చదివే కూతురు వచ్చింది. ఫోన్‌లో లెక్క వేసి తండ్రి చెవిలో ఏదో చెప్పింది. ఆయన చీటీ పట్టుకుని, “సేటూ, తరుగు ఇరవై ఎనిమిది కిలోల చిల్లర అని రాసిండ్రు, ముప్పై ఎట్ల కోసిండ్రు?” అని అడిగాడు. సరైన లెక్క ప్రకారం ఆయనకు 47,308 రూపాయల 80 పైసలు రావాలి. తేడా 68 రూపాయల 80 పైసలు. దుకాణం సేటుకు నిజంగానే ఏమీ తెలియదు. కానీ చీటీలో ఒక వరసకూ ఇంకో వరసకూ పొసగనప్పుడు ఏ రైతైనా దాన్ని మోసమనే అంటాడు. అనాలి కూడా. చుట్టూ జనం పోగయ్యారు, సేటుకు బీపీ పెరిగింది, గుమస్తా క్యాలిక్యులేటర్ తీశాడు. అప్పుడు నన్ను పిలిచారు.

ప్రోగ్రాం తెరిచి చూస్తే కారణం చిన్నదే. బస్తాల పెట్టెలో అంకె మారితే తరుగు పెట్టెలో, హమాలీ పెట్టెలో కొత్త అంకెలు పెట్టు అని ఒకచోట ఆజ్ఞ ఉంది. తరుగు పెట్టెలో గానీ, బరువు పెట్టెలో గానీ మార్పు వస్తే నికర బరువు మళ్లీ లెక్కించు అని ఇంకోచోట ఉంది. చదవడానికి రెండూ కలిసినట్టే కనిపిస్తాయి. అసలు చిక్కు బ్రౌజర్ నియమంలో ఉంది. మనిషి కీబోర్డుతో కొడితేనే ‘ఈ పెట్టె మారింది’ అన్న కబురు పుడుతుంది. ప్రోగ్రామే ఆ పెట్టెలో అంకె పెడితే కబురు పుట్టదు. ఒకప్పుడు తరుగును గుమస్తా చేత్తో కొట్టేవాడట, అప్పుడు అంతా సవ్యంగా నడిచింది. తర్వాత ఎవరో అతని పని తగ్గిద్దామని తరుగును ఆటోమేటిక్ చేశారు. ఆ రోజునుంచి కబురు ఆగిపోయింది. బస్తాల అంకెను మధ్యలో దిద్దితే తప్ప బయటపడదు కాబట్టి సీజన్ల తరబడి ఎవరి కంటా పడలేదు.

ఒక లైను చేర్చి దాన్ని సరిచేయొచ్చు. కానీ రేపు ఇంకో కోత వస్తుంది, లేదా సన్న వడ్లకు బోనస్ లెక్క కలపాలంటారు. అప్పుడు ఏ పెట్టె మారితే ఏ పెట్టెలు మారాలో మళ్లీ మొదటినుంచి గుర్తు చేసుకోవాలి. పది పెట్టెలున్న తెరలో ఆ దారులన్నీ ఏ మనిషి బుర్రలోనూ నిలవవు. అందుకే నేను ఆ తెరను తీసేసి ఇలా రాశాను:

గోనె తరుగు = బస్తాలు × 0.6
నికర బరువు = మొత్తం బరువు − గోనె తరుగు
విలువ = నికర బరువు × క్వింటాలు ధర ÷ 100
హమాలీ = బస్తాలు × 20
చేతికొచ్చేది = విలువ − హమాలీ

ఇవి ఒకసారి చేసి వదిలేసే పనులు కావు. తెర తెరిచి ఉన్నంతసేపూ నిజంగా ఉండాల్సిన సంబంధాలు. నికర బరువు పెట్టెలోకి ఇంకెవరూ వేరే దారిలో అంకె తోయలేరు, అది ఎక్కడినుంచి వస్తుందో ఆ రెండో వరసలోనే ఉంది. బస్తాలు మారితే ఏమేం మారాలో వెతికి పట్టుకునే బాధ్యత ప్రోగ్రామర్‌ది కాదు, లైబ్రరీది, అంటే ఇలాంటి పనులకు ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం కట్టది. ఎక్సెల్ వాడే ప్రతి గుమస్తాకూ ఇది తెలిసిన సుఖమే. ఒక గడి మారిస్తే కింద టోటల్ మారుతుంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విజికాల్క్ తెచ్చినప్పటినుంచీ లెక్కలు రాసేవాళ్లకు ఈ సౌకర్యం ఉంది. వెబ్ తెరలు రాసేవాళ్లు మాత్రం చాలాకాలం పెట్టె పెట్టెకూ ఆజ్ఞలు రాస్తూ కూర్చున్నారు.

ఈ ఆలోచనకు ఒక రూపమిచ్చి పేపర్ రాసినవాళ్లు కానల్ ఇలియట్, పాల్ హ్యూడాక్. అది 1997లో. వాళ్లు రాసింది బిల్లుల గురించి కాదు, కదిలే బొమ్మల గురించి, హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. కాలంతోపాటు మారుతూ ఎప్పుడు అడిగినా ఏదో ఒక విలువ ఉండేవి కొన్ని. ఫలానా క్షణంలో జరిగిపోయేవి మరికొన్ని. ఈ రెండు రకాలనూ వేరుచేసి, రెండింటినీ మామూలు అంకెల్లాగే కలపొచ్చు, కూడొచ్చు, వడకట్టొచ్చు అని చూపించారు. కాంటా దగ్గర నిలబడితే ఈ తేడా ఇట్టే అర్థమవుతుంది. కాంటా మీద బరువు ఎప్పుడూ ఉంటుంది, మారుతూ ఉంటుంది. గుమస్తా ‘సేవ్’ నొక్కడం ఒక్క క్షణంలో అయిపోయేది.

లారీ కాంటా సంగతే కాస్త దగ్గరనుంచి చూడండి. లారీ పళ్లెం మీదికి ఎక్కుతుంటే కాంటా మిషన్ సెకనుకు కొన్నిసార్లు చొప్పున అంకెలు పంపుతూనే ఉంటుంది. కాంటానుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగను క్రోమ్ బ్రౌజర్ 2021 నుంచి నేరుగా చదవగలదు, మధ్యలో వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డ్రైవర్ బ్రేకు వేస్తే అంకె ఊగుతుంది, క్లీనర్ దిగితే తగ్గుతుంది. ఊగే అంకెను పట్టేసుకుంటే గొడవ. బరువు రెండు సెకన్లు కదలకుండా ఉంటేనే సేవ్ బటన్ పనిచేయాలి. పాత పద్ధతిలో దీన్ని రాయాలంటే టైమర్ ఒకటి, పాత అంకె దాచుకునే చోటొకటి, ‘నిలిచిందా లేదా’ అనే గుర్తు ఒకటి, టైమర్ మధ్యలో లారీ కదిలితే దాన్ని రద్దు చేసే లైను ఒకటి కావాలి. ఆ చివరిది మరిచిపోతే కదిలిన లారీకి నిలిచినప్పటి బరువు పడుతుంది.

ఆర్‌ఎక్స్‌జేఎస్ అనే లైబ్రరీలో ఇదంతా ఒక చిన్న మాటలో ఒదుగుతుంది. కాంటానుంచి వచ్చే అంకెల వరసలో వెంటవెంటనే వచ్చే ఒకే అంకెను ఒక్కటిగా చేస్తాం. కొత్త అంకె రాగానే ‘నిలిచిన బరువు’ ఖాళీ అవుతుంది, రెండు సెకన్లకు ఆ అంకెతో నిండుతుంది. ఈలోగా ఇంకో అంకె వస్తే పాత ఎదురుచూపు దానంతటదే రద్దయి కొత్తది మొదలవుతుంది. ఆ రద్దు చేసే పనిని స్విచ్‌మ్యాప్ అంటారు. ‘నిలిచిన బరువు’ ఖాళీగా ఉంటే సేవ్ బటన్ మసకబారుతుంది, అంతే. టైమర్‌ను ఆపడం నేను మరిచిపోయే అవకాశమే లేదు, ఎందుకంటే దాన్ని ఆపే లైను నేను రాయడమే లేదు.

అదే స్విచ్‌మ్యాప్ ఇంకోచోట కూడా ఆదుకుంటుంది. రైతు ఊరు వెతికే పెట్టెలో గుమస్తా ‘చి’ అని కొట్టగానే సర్వర్‌కు ఒక ప్రశ్న పోతుంది, ‘చింత’ అని పూర్తిచేసేసరికి ఇంకోటి పోతుంది. సీజన్‌లో యార్డు నెట్ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. రెండో జవాబు ముందొచ్చి, మొదటిది తీరుబడిగా తర్వాత వస్తుంది. పెట్టెలో ‘చింత’ అని ఉంటుంది, కింద జాబితాలో మొదటి పేరు చిట్యాల ఉంటుంది. అలవాటు ప్రకారం ఎంటర్ కొట్టాడంటే చింతపల్లి రైతు వడ్లు చిట్యాల రైతు ఖాతాలో పడతాయి. కొత్త ప్రశ్న పుట్టగానే పాత జవాబును వదిలెయ్యమని చెబితే ఈ తిప్పలే ఉండవు.

ఇక చదువుల సంగతి. మా పిల్లల్లో ఒకమ్మాయి కాలేజీ ప్రాజెక్టు చూపించింది. ఇదే బిల్లు తెర, రియాక్ట్‌లో రాసింది. చాలా శ్రద్ధగా రాసింది, రంగులు కూడా బాగున్నాయి. లోపల చూస్తే తరుగుకు ఒక యూజ్‌స్టేట్ (రియాక్ట్‌లో విలువ దాచుకునే గూడు), నికర బరువుకు ఒకటి, విలువకు ఒకటి, చేతికొచ్చేదానికి ఒకటి. వాటిని ఒకదాని వెనక ఒకటి తిప్పడానికి, ఫలానాది మారితే ఈ పని చెయ్యి అని చెప్పే యూజ్‌ఎఫెక్ట్‌ల గొలుసు. ఒక యూజ్‌ఎఫెక్ట్‌లో చూడాల్సిన వాటి జాబితా నుంచి తరుగు జారిపోయింది. అంటే ఆ దుకాణంలోని పాత తప్పే, కొత్త బట్టలు వేసుకుని వచ్చింది. “అమ్మా, ఈ నాలుగూ దాచుకోవడం దేనికి? బస్తాలు, బరువు, ధర ఉంటే మిగతావన్నీ అక్కడికక్కడే లెక్క కడితే పోదా?” అని అడిగాను. “మేడం, సార్ ప్రతిదానికీ యూజ్‌స్టేట్ పెట్టమన్నారు” అంది. నాలుగూ తీసేసి మామూలు లెక్కలుగా రాస్తే ప్రోగ్రాం సగానికి దిగింది. ఒకదాన్నుంచి లెక్కగట్టగలిగేదాన్ని ఎఫెక్ట్‌తో నడపొద్దని రియాక్ట్ వాళ్ల సొంత పాఠాల్లోనే ఉంది. చదివించే తీరిక ఎవరికీ లేదు.

రియాక్ట్ పేరులో ఉంది కదా అని అదే రియాక్టివ్ ప్రోగ్రామింగ్ అనుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. జోర్డన్ వాక్ తయారుచేసిన ఆ లైబ్రరీని 2013లో ఫేస్‌బుక్ అందరికీ వదిలింది. తెర అంటే డేటానుంచి పుట్టే ఫలితం మాత్రమేనన్న చూపును జనంలోకి తెచ్చిన గొప్పతనం దానిదే. కానీ అది పూర్తిగా రియాక్టివ్ కాదని, తెరను ఎప్పుడు మార్చాలో తన వీలు చూసుకుని నిర్ణయించుకుంటుందని ఆ బృందమే చెప్పుకుంది. దీనికి ‘షెడ్యూల్’ అని పేరు పెట్టాల్సిందని వాళ్లలో వాళ్లకు ఒక జోకు కూడా ఉందట.

ఈ పద్ధతిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. దీని బాధలు దీనికీ ఉన్నాయి. పైన రాసిన అయిదు వరసల్లో బస్తాల అంకె రెండు దారుల్లో చివరికి చేరుతుంది, తరుగు మీదుగా ఒకటి, హమాలీ మీదుగా ఒకటి. హమాలీ దారి ముందు పూర్తయితే ఒక్క క్షణం పాటు 48,240 లోంచి 960 తీసేసిన 47,280 తెర మీద మెరుస్తుంది. అది కొత్తా కాదు, పాతా కాదు. కంటికి ఆనకపోవచ్చు. కానీ అంకె మారిన వెంటనే రైతు ఫోన్‌కు మెసేజ్ పంపే ఏర్పాటు పెట్టుకుంటే ఆ దొంగ అంకె కూడా పోతుంది. దీన్ని గ్లిచ్ అంటారు. ఆర్‌ఎక్స్‌జేఎస్‌లో రెండు మూడు వరసల తాజా అంకెలను కలిపే కంబైన్‌లేటెస్ట్ అనేదాన్ని ఆలోచించకుండా వాడితే ఇదే జరుగుతుంది, ఒక్క మార్పుకు రెండుసార్లు పలుకుతుంది. సిగ్నల్ అంటే తను మారినప్పుడు తన మీద ఆధారపడ్డవాటికి కబురు చెప్పే విలువ. ఇప్పుడొస్తున్న సిగ్నల్స్ లైబ్రరీలు ఏది దేనిమీద ఆధారపడిందో ముందే చూసుకుని, కింది లెక్కలన్నీ తేలాకే చివరి లెక్క కడతాయి. 2023లో యాంగులర్ కూడా తన 16వ వెర్షన్‌తో సిగ్నల్స్ తెచ్చింది. మరుసటి ఏడాది వాటిని బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ భాషలోనే చేర్చాలన్న ప్రతిపాదన వచ్చింది. బిల్లు లెక్కలకు సిగ్నల్స్, కాంటా అంకెలకు, వెతుకులాటకు ఆర్‌ఎక్స్‌జేఎస్ అని నేను పంచుకున్నాను. ఇలాగే చేయాలని రూలేం లేదు.

ఇంకో బాధ, తెర మూసినా వినడం ఆపకపోవడం. కాంటా తీగకు చందా కట్టి, బిల్లు తెర మూసినప్పుడు ఆ చందా రద్దు చేయకపోతే పాత తెర కనిపించకుండా బతికే ఉంటుంది. సాయంత్రానికి అలాంటివి బోలెడు పోగవుతాయి. యార్డులో ఉండేవి నాలుగు జీబీ ర్యామ్ కంప్యూటర్లు. మధ్యాహ్నం దాటేసరికి మౌస్ కూడా కదలదు, గుమస్తా తిట్లు వినాలి. తప్పు ఎక్కడ దొరికిందో చూపించే జాబితా కూడా లైబ్రరీ లోపలి పేర్లతో నిండిపోయి కొత్తవాళ్లను బెదరగొడుతుంది. ఇవన్నీ చూసే కాబోలు, ఇవాన్ చాప్లిక్కీ 2012లో హార్వర్డ్‌లో తన చదువులో భాగంగా ఈ పద్ధతి మీదే కట్టిన ఎల్మ్ భాషలోంచి 2016లో సిగ్నల్స్‌ను తనే తీసేశాడు. నేర్చుకునేవాళ్లకు అక్కడే అడ్డం పడుతోందని ఆయన లెక్క. తీసేసినా మూల సూత్రం పోలేదు. ఒకచోట ఉన్న డేటా, దాన్ని మార్చే ఒకే ఒక దారి, దాన్నుంచి పుట్టే తెర అలాగే ఉన్నాయి. రియాక్ట్‌లో రాసేవాళ్లు డేటాను ఒకచోట ఉంచడానికి వాడే రిడక్స్ లైబ్రరీ ఆ ఎల్మ్ చూసి నేర్చుకున్నదే. ఫంక్షన్ హాల్ వాళ్లకు ఫోటోలు, ఫోన్ నంబరు పెట్టే పేజీకి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. అలాంటి పేజీకి కూడా ఇరవై లైబ్రరీలు దించి నెట్ బిల్లు పెంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇవన్నీ ఇక ఏఐ రాసేస్తుంది కదా అని మీ వ్యాసంలో చివర ఒక మాట ఉంది. రాస్తుంది, నేనూ రాయించుకుంటాను. ఏం అడగాలో తెలియకపోతే అది కూడా ఆ యూజ్‌ఎఫెక్ట్‌ల గొలుసునే చక్కగా అల్లి ఇస్తుంది.

2023లో నల్లగొండలో ఐటీ హబ్ తెరిచారు, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్ తెరిచారు. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ కాలేజీలనుంచి ఏటా బోలెడంతమంది పిల్లలు బయటికొస్తున్నారు. వాళ్లకు ఎనిమిది లైబ్రరీల పేర్లు అప్పజెప్పే బదులు, ఏ లైబ్రరీ లేకుండా సిగ్నల్ అనేదాన్ని సొంతంగా రాయించాలి. విలువను దాచుకోవడం, ఎవరు చదివారో గుర్తుపెట్టుకోవడం, మారినప్పుడు వాళ్లను మాత్రమే కదిలించడం. మొత్తం కలిపి ఒక పేజీ జావాస్క్రిప్ట్ దాటదు. లెక్చరర్లు ఒక్క వారం ల్యాబ్ దీనికి ఇస్తే సరిపోతుంది. పరీక్షగా కూడా పెద్దదేం వద్దు. పిల్లలు రాసిన బిల్లు తెరలో అన్ని పెట్టెలూ నింపాక, మొదటి పెట్టెకు వెళ్లి అంకె మార్చి, కింద టోటల్ మారిందో లేదో చూడాలి. కాలేజీ ప్రాజెక్టులు వాల్యుయేషన్ చేసే సార్లకూ, యార్డులో సాఫ్ట్‌వేర్ కొనే సేట్లకూ ఇదే నా మనవి. డబ్బులు కట్టేముందు ఆ ఒక్క పని చేయండి.

మీ చదువుల పేజీలో ఒక వారం చోటిస్తే తక్‌పట్టీ తెరను మొదటినుంచి చివరిదాకా రాసి చూపించే పాఠం నేనే తెలుగులో రాసి పంపుతాను. వానకాలం వడ్లు యార్డుకు రావడం మొదలుకాకముందే అచ్చయితే, సాయంత్రం వచ్చే పిల్లలతో ఒకట్రెండు దుకాణాల్లో దాన్ని నడిపించి చూడొచ్చు. బొమ్మలు రెండే ఉంటాయి, మీ డెస్కువాళ్లకు పెద్దగా పని పెట్టను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రామగిరి, నల్లగొండ